వెలుగు – నీడ – ముఖం

కాళిదాసు 'అభిజ్ఞాన శాకుంతలం' ఆరవ అంకంలో దుష్యంతుడు తాను చిత్రించిన శకుంతల పటాన్ని ముందుంచుకొని దుఃఖిస్తూ ఉంటాడు. పక్కనున్న విదూషకుడు ఆ పటాన్ని చూసి, అందులోని ఎత్తుపల్లాల వద్ద తన చూపు తొట్రుపడుతున్నదని మెచ్చుకొంటాడు. పటం చదునైన వస్తువు. దానిపై ఎత్తు లేదు, పల్లమూ లేదు. అయినా చూపు తొట్రుపడిందంటే అది చిత్రకారుని వెలుగునీడల నేర్పే అనుకోవాలి. ఈ ఎత్తుపల్లాలకే నిమ్నోన్నతాలని పేరు. కుంచె పట్టిన రాజుకు తెలిసిన ఈ మర్మం కెమెరా పట్టిన మనకు చాలాసార్లు తెలియదు.

నేడు ఇంటింటా కెమెరా గల సెల్‌ఫోను ఉంది. పెళ్ళిళ్ళలో, పండుగలలో వందలకొద్దీ ఫోటోలు తీసుకొంటున్నాం. వాటిలో మనిషి రూపును పట్టి ఇచ్చేవి ఎన్ని? ఫ్లాష్ వెలుగు కెమెరా పక్కనుంచే బయలుదేరి తిన్నగా ముఖాన్ని తాకుతుంది. నీడలన్నీ ముఖం వెనుకకు పోతాయి. ముక్కుకూ బుగ్గకూ నడుమ భేదం నశించి, ముఖం సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది.

మా తండ్రిగారు గతించిన నాడు పెద్దది చేయించి గోడకు తగిలించడానికి ఒక్క మంచి ఫోటో కోసం ఇల్లంతా వెదికాం. పెళ్ళి ఆల్బముల్లో ఆయన ఎప్పుడూ వెనుక వరుసలోనే ఉన్నారు. చివరకు పింఛను పుస్తకానికి అంటించిన చిన్న ఫోటో దొరికింది. దానినే ఒక స్టూడియోవారికి ఇచ్చాం. వారు నుదుటి ముడుతలు చెరిపి, మేని రంగు తేల్చి, జన్మలో కోటు తొడగని మనిషికి నల్లకోటు తొడిగి పంపారు. ఇరవై ఏళ్ళుగా ఆ కోటుకే దండ వేస్తున్నాం. ఇంటివారి రూపచిత్రాలను, అంటే పోర్ట్రెయిట్లను, ఇంట్లోనే తీయడం అభ్యసించాలన్న కోరిక నాకు కలగడానికి ఆ పటమే కారణం.

ఈ అభ్యాసానికి ఖరీదైన దీపాలు అక్కరలేదు. ఒక కిటికీ చాలు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాదులో స్టూడియో నడిపిన కాలానికి విద్యుద్దీపాలు సామాన్యం కాలేదు. ఆనాటి స్టూడియోలలో గాజుపలకల గుండా దిగే పగటి వెలుతురునే తెరలతో అదుపుచేసి వాడుకొనేవారు.

గదిలోని ట్యూబులైటును ముందుగా ఆర్పివేయాలి. పగటి వెలుగూ దీపపు వెలుగూ ఒకే రంగువి కావు. రెండూ కలిస్తే ఒక బుగ్గ ఒక రంగుగా, రెండవది వేరొక రంగుగా కనిపిస్తాయి. పిదప కూర్చునే వ్యక్తిని కిటికీకి మూడడుగుల దూరంలో, వెలుగు ఒక పక్కనుంచి ముఖంపై పడేటట్లు కూర్చోబెట్టాలి. కిటికీ వీపు వెనుక ఉండరాదు. ఎండ నేరుగా గదిలోకి పడుతుంటే కిటికీకి పలుచని తెల్లపంచె కట్టాలి. అప్పుడు ఆ పంచె అంతా ఒక పెద్ద దీపమవుతుంది. వెలుగునిచ్చే తలం ఎంత పెద్దదై, ఎంత దగ్గరగా ఉంటే నీడల అంచులు అంత మెత్తగా ఉంటాయి. బోడి బల్బు నీడ కత్తితో కోసినట్లు ఉండడానికి కారణం అది చిన్నది కావడమే.

పాశ్చాత్య గ్రంథాలు ఉత్తరపు కిటికీ శ్రేష్ఠమంటాయి. ఐరోపాలో మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణాకాశంలోనే ఉంటాడు కనుక ఆ మాట అక్కడ చెల్లుతుంది. తెలుగునేల అంతా కర్కటరేఖకు దక్షిణాన ఉంది. హైదరాబాదులో మే రెండవ వారం మొదలు ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఆ రోజులలో ఉత్తరపు కిటికీకి కూడా పంచె కట్టక తప్పదు. పుస్తకంలోని మాటను మన ఆకాశంతో సరిచూసుకోవడం ఏ విద్యలోనైనా అవసరమే!

కిటికీ వైపు బుగ్గ వెలుగుతుంటే రెండవ బుగ్గ చీకటిలో ఉంటుంది. ఆ వైపున ఒక తెల్లచార్టును గాని, థర్మాకోల్ పలకను గాని నిలబెడితే కొంత వెలుగు తిరిగివచ్చి నీడను పలుచన చేస్తుంది. పలకను దగ్గరకు జరిపితే నీడ కరుగుతుంది, దూరం జరిపితే చిక్కబడుతుంది. ఈ జరపడంలోనే అభ్యాసమంతా ఉంది. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) చిత్రాలలోని ఒక పద్ధతికి ఆయన పేరే నిలిచింది. ముఖాన్ని తగినంత పక్కకు తిప్పితే ముక్కు నీడ బుగ్గ నీడతో కలిసి, చీకటి వైపు కంటి కింద చిన్న త్రికోణాకారపు వెలుగు మిగులుతుంది. ఆ త్రికోణం కనిపించే వరకు ముఖాన్ని కొంచెం కొంచెంగా తిప్పించి చూడండి.

దీనికి ఇంట్లోవారిని పిలిస్తే పది నిమిషాలకే విసుగుకొంటారు. కనుక మొదట పీట మీద ఒక కొబ్బరికాయను ఉంచండి. దానికి కన్నులూ ఉన్నాయి, పిలకా ఉంది. గంటసేపు తిప్పినా విసుగుకోదు.

రాత్రివేళ టేబుల్ ల్యాంపు ఒక్కటి చాలు. దానిని ముఖానికి సూటిగా కాక పక్కనున్న తెల్లగోడ వైపు తిప్పితే ఆ గోడయే కిటికీ అవుతుంది. సూటిగా వాడినప్పుడు దీపాన్ని కంటి మట్టానికి కొంత ఎత్తులో ఉంచాలి. గడ్డం కిందినుంచి వెలుగు పడితే అమ్మమ్మ కూడా దయ్యంలా కనిపిస్తుంది. దూరం విషయంలో భౌతికశాస్త్రం చెప్పే సూత్రాన్ని గుర్తుంచుకోవాలి. రెండడుగుల దూరంలోని దీపాన్ని నాలుగడుగులకు జరిపితే ముఖంపై పడే వెలుగు సగం కాదు, నాలుగవ వంతుకు పడిపోతుంది. కాబట్టి దీపం ముఖానికి చేరువగా, గోడ దూరంగా ఉంటే వెనుకనున్న బీరువా, బట్టల దండెం వాటంతట అవే చీకటిలో కలిసిపోతాయి. ఫోనును ముఖానికి అతి సమీపంగా పెట్టరాదు. దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదై, చెవులు చిన్నవవుతాయి. నాలుగైదు అడుగుల దూరంలో నిలిచి రెండింతల జూమ్ వాడడం మేలు.

ఇక మేనిచాయ సంగతి. దీనిని కొంత విస్తరించి చెప్పాలి. కెమెరాకు మనిషి తెలియడు. తన ఎదుటనున్న దృశ్యమంతటినీ సగటున ఒక మధ్యస్థమైన వెలుగుకు తేవడమే దాని పని. వెనుక తెల్లగోడ ఉంటే ఆ తెలుపును తగ్గించబోయి ముఖాన్ని నల్లబరుస్తుంది. వెనుక నల్లని తెర ఉంటే ఆ నలుపును పెంచబోయి ముఖాన్ని వెలవెలబోయేటట్లు చేస్తుంది. అందువల్ల ఫోను తెరపై ముఖం ఉన్నచోట వేలితో తాకి, వెలుగును హెచ్చించో తగ్గించో నిజమైన చాయను రాబట్టాలి. ముఖాన్ని తెల్లబరిచే ఫిల్టర్లను మాత్రం నేను అంగీకరించను. ద్రౌపదికి 'కృష్ణ' అనే పేరు ఆమె నల్లని చాయను బట్టి వచ్చినదే. వ్యాసుడు దాచని చాయను మనం దాచడమెందుకు? నల్లని చర్మంపై కిటికీ వెలుగు పక్కనుంచి పడినప్పుడు నుదుటిపైన, బుగ్గ ఎముకపైన ఒక మెరుపు నిలుస్తుంది. నిమ్నోన్నతాలను ఆ మెరుపు చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు.

కొబ్బరికాయతో నెలరోజులు కుస్తీ పట్టిన పిదప మా అమ్మగారిని కిటికీ పక్కన కూర్చోమన్నాను. "ఈ ముసలిముఖానికి ఫోటో ఏమిట్రా?" అన్నారు. ఊరక కూర్చోమంటే భుజాలు బిగిసిపోయాయి. చేటలో చిక్కుడుకాయలు పోసి ఇచ్చాను. గింజలు ఒలుస్తూ చిన్ననాటి ముచ్చట్లలో పడ్డారు. థర్మాకోల్ పలకను కాస్త దూరం జరిపాను. కిటికీ వెలుగు రెండు చుక్కలై కంటిపాపలలో నిలిచింది. తల ఎత్తి నా వైపు చూసిన క్షణంలో ఫోటో తీశాను.

ఫోనును దూరంగా పట్టుకొని చాలాసేపు చూశారు. "బావిగట్టు మీద పడ్డప్పటి మచ్చ కూడా వచ్చిందే!" అని కనుబొమ్మ పక్కన తడుముకొని, మళ్ళీ చేట ముందుకు లాక్కొన్నారు.

అభ్యాసం

1. ఫ్లాష్ వెలుగులో తీసిన ముఖం చదునుగా కనిపించడానికి కారణమేమిటి?
2. ఉత్తరపు కిటికీ గురించి పాశ్చాత్యులు చెప్పిన మాట మన ప్రాంతానికి ఎంతవరకు వర్తిస్తుంది?
3. "ఇరవై ఏళ్ళుగా ఆ కోటుకే దండ వేస్తున్నాం." – ఈ వాక్యంలోని వేదనను వివరించండి.
4. మీ ఇంటిలోని ఒక పెద్దవారి రూపచిత్రాన్ని కిటికీ వెలుగులో తీసి, వారి ముఖంలో మీరు మొదటిసారి గమనించిన విషయాన్ని పది వాక్యాలలో రాయండి.