జ్వరం తగ్గాక కావాల్సిన సెలవులు

వానాకాలం ముదిరేసరికి హైదరాబాద్‌లోని మన కాప్రా వైపు వీధికి ఒకరిద్దరు పిల్లలైనా జ్వరంతో పడుకుంటారు. డెంగీ, చికున్‌గున్యా, ఫ్లూ, ఒక్కో ఏడాది కోవిడ్ కూడా. నింద కాప్రా చెరువు మీద వేస్తాం గానీ డెంగీ దోమకు చెరువు అక్కర్లేదు, మన కూలర్ అడుగున నిలిచిన మంచినీళ్లు చాలు. నాన్న చర్లపల్లి ఫ్యాక్టరీలో షిఫ్టుకి, అమ్మ ఏఎస్ రావు నగర్‌లో షాపుకో ఆఫీసుకో వెళ్లే ఇంట్లో జ్వరం ఉన్న నాలుగు రోజులూ ఇద్దరూ సెలవు పెట్టేస్తారు. ఒళ్లు చల్లబడగానే పిల్లాణ్ని బడికి పంపి డ్యూటీ ఎక్కేస్తారు. సెలవులన్నీ జ్వరానికే ఖర్చు చేయకండి, తగ్గాక వచ్చే రోజులకు కొన్ని దాచండి.

డెంగీలో అసలు గండం జ్వరం దిగేటప్పుడే. మామూలుగా మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం తగ్గుతుంది. ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లో రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి బీపీ పడిపోవచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం, మగత కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అందరి చూపూ ప్లేట్‌లెట్ల అంకె మీదే ఉంటుంది, ఈ లక్షణాలు అంతకంటే ముఖ్యం. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేయొద్దు. కాబట్టి మొదటి రోజుల్లో అమ్మానాన్నలు వంతులేసుకోండి, జ్వరం దిగిన రెండు రోజులు మాత్రం ఒకరు తప్పకుండా ఇంట్లో ఉండండి.

ఆ తర్వాత మొదలయ్యేది నీరసం. డెంగీ తర్వాత కొన్ని వారాలు పిల్లలకు సత్తువ ఉండదు. చికున్‌గున్యా అయితే కీళ్ల నొప్పులు నెలల తరబడి లాగొచ్చు. జలుబు వైరస్ పోయినా దగ్గు కొన్నాళ్లు ఉండటం మామూలే. కోవిడ్ తర్వాత పిల్లల్లో మిగిలిపోయే లక్షణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రత్యేకంగా నిర్వచనం ఇచ్చింది: మూడు నెలల్లోపు మొదలై కనీసం రెండు నెలలు ఉండాలి. 2024లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో చిన్నపిల్లల్లో తలనొప్పి, కడుపునొప్పి, నిద్ర సరిగా లేకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం, పన్నెండేళ్లూ ఆపైన ఉన్నవాళ్లలో అలసట, వాసన తెలియకపోవడం ఎక్కువగా కనిపించాయి. ఎక్కువమంది పిల్లలు కోలుకుంటారు. బద్ధకమని తిట్టడం మాత్రం మానుకోవాలి.

బడి వాళ్లను అడిగి కొన్నాళ్లు ఒంటిపూటే పంపండి, పీటీ పీరియడ్ మాన్పించండి. ట్యూషన్ అన్నిటికంటే చివర మొదలుపెట్టండి. ఒకరోజు హుషారుగా ఆడి మర్నాడు లేవలేకపోతే ఆట తగ్గించండి. ఏ రోజు ఎంతసేపు ఆడాడో, ఎప్పుడు పడుకున్నాడో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటే డాక్టరుకూ సూపర్‌వైజరుకూ అదే ఆధారం. దగ్గు రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా, జ్వరం తిరగబెట్టినా వైరస్ తాలూకు నీరసమేలే అని సరిపెట్టుకోవద్దు. టీబీ పరీక్ష కూడా చేయించాల్సి రావచ్చు.

ఇక సెలవులు. ఫ్యాక్టరీల్లో 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు జమవుతుంది. ఎన్‌ఎఫ్‌సీ (న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్) వంటి కేంద్ర ప్రభుత్వ సంస్థల్లో మహిళలకూ ఒంటరి తండ్రులకూ మొత్తం సర్వీసులో 730 రోజుల చైల్డ్ కేర్ లీవ్ ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకు, 18 ఏళ్లు నిండేదాకా, ఒక్కోసారి కనీసం అయిదు రోజులు వాడుకోవాలి. పరీక్షలప్పుడు వాడదామని దాచేవాళ్లు ఎక్కువ, జబ్బుకి అడిగేవాళ్లు తక్కువ. ఈసీఐఎల్ లాంటి ప్రభుత్వరంగ సంస్థల నిబంధనలు వేరుగా ఉండొచ్చు, పర్సనల్ విభాగంలో అడగండి.

సూపర్‌వైజరుతో మాట్లాడేటప్పుడు కష్టం చెప్పుకోవడం కంటే కావాల్సింది అడగడం మేలు. ‘సార్, బాబుకి జ్వరం తగ్గింది. డాక్టరు రెండు వారాలు ఒంటిపూట బడే అన్నారు. అప్పటిదాకా నాకు ఫస్ట్ షిఫ్ట్ వేయండి, తర్వాత రెండు వారాలు నైట్ నేనే చేస్తాను’ అనండి. బదులు పని ముందే ఒప్పుకున్నవాడికి షిఫ్ట్ మార్చడం ఆయనకూ తేలిక.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఏడాదికి 91 రోజుల దాకా 70 శాతం జీతం ఇచ్చే సిక్‌నెస్ బెనిఫిట్ మీ జబ్బుకే గానీ పిల్లాడి జబ్బుకి కాదు. మీ పేరు మీద దొంగ సర్టిఫికెట్ తెస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, దొరికితే కేసవుతుంది. పిల్లాడి వైద్యం మాత్రం మీ హక్కు, నాచారం ఈఎస్‌ఐ ఆస్పత్రి మనకు దగ్గరే. అయితే పిల్లల పేర్లు మీ ఈఎస్‌ఐ రికార్డులో ఉండాలి. ఉద్యోగంలో చేరిన తర్వాత పుట్టిన పిల్లల పేరు ఎక్కించడం చాలామంది మరిచిపోతారు. ఈ వారమే హెచ్‌ఆర్‌ని అడిగి చూసుకోండి.