ఆకునుండి కడలి అడుగునకు

ఆదిలాబాదు అడవిలో రాలిన టేకాకు ఏమగును? కుళ్ళి మట్టిలో కలియును. వానలకు ఆ మట్టిలో కొంత వాగులగుండ ప్రాణహితను, కాళేశ్వరమువద్ద గోదావరిని చేరును. ఆనకట్టలవెనుక నిలిచినది పోగా, మిగిలినది బంగాళాఖాతమున కలియును. చెట్టు గాలినుండి గ్రహించిన కర్బనము ఇట్లు కడలి పాలగును.

అడుగుబురదలోని కర్బనము ఎక్కడిదో తెలియుట ఎట్లు? కర్బన పరమాణువులన్నియు సమానమైన బరువు కలవి కావు. బరువైన కర్బనము 13 టేకులోకంటె జొన్నలో కొంచెము హెచ్చుగా ఉండును. కర్బనము 14 వయస్సును తెలుపును. జీవి మరణించిన పిదప అది తరుగుచు 5,730 ఏండ్లకు సగమగును. కోట్ల ఏండ్లనాటి సింగరేణి బొగ్గులో అది మిగిలియుండదు.

గోదావరి ముఖమునకు ఎదుట సముద్రగర్భమునుండి తీసిన బురదను శాస్త్రజ్ఞులు ఇట్లే పరీక్షించిరి. సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి నదీపరీవాహమున అనావృష్టికి ఓర్చు మొక్కలు హెచ్చినట్లు 2012లో ప్రకటించిరి.

సైబీరియాలోను ఈ పద్ధతియే ఉపయోగపడుచున్నది. అచ్చట వేలయేండ్లుగా గడ్డకట్టియున్న నేల నేడు కరగుచున్నది. లీనా మొదలగు నదులు ఆ ప్రాచీన కర్బనమును ఆర్కిటిక్ సముద్రతీరమునకు చేర్చుచున్నవి. అది అడుగున పూడినచో గాలికి దూరమగును. సూక్ష్మజీవులు తినివేసినచో బొగ్గుపులుసు వాయువై భూమిని మరింత వేడెక్కించును. ఏ భాగము ఏమగుచున్నదో తెలిసికొనుటకే ఈ పరిశోధన.

బాలలారా! చేనిగట్టు తెగినప్పుడు పారిపోవునది ఒట్టి మట్టి కాదు. నేల యేండ్లతరబడి కూడబెట్టిన ధనము.