డిగ్రీకి ముందు బస్సు నేర్పండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా మాచవరం. మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్. సదరం సర్టిఫికెట్‌లో 50 శాతం అని ఇచ్చారు. ఓపెన్ స్కూల్లో పది పూర్తిచేసి ఇప్పుడు ఇంటర్ రాస్తోంది. తోటి పిల్లల్లాగే కాలేజీకి వెళ్తానని ఒకటే పట్టు. ఇంట్లోవాళ్లేమో "అది పాసవదు, పదిమందిలో నవ్వులపాలు చేయకు, ముందు అన్నీ నేర్చుకోనీ, తర్వాత చూద్దాం" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, "అన్నీ నేర్చుకున్నాక చూద్దాం" అనే మాటతోనే నాకు పేచీ. ఆ "అన్నీ" ఏమిటో ఎవరూ చెప్పరు, ఆ రోజూ రాదు. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట వాడుకోవడమే ఈ పిల్లలకు కష్టమని ప్రత్యేక విద్య టీచర్లు ఎవరిని అడిగినా చెబుతారు. వంటింట్లో కూర్చుని చిల్లర లెక్కపెట్టినంత మాత్రాన, వెనక నలుగురు తోసుకొస్తున్నప్పుడు జిరాక్స్ షాపులో లెక్కపెట్టగలదని చెప్పలేం. అందుకే కాలేజీకి కావలసినవి కాలేజీ దారిలోనే నేర్పాలి. అడ్మిషన్ వచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది, ఇంటర్ రాస్తున్న ఈ రోజుల్లోనే పని పెట్టుకోండి.

మొదటి పాఠం బస్సు. కాలేజీకని పిడుగురాళ్ల బస్సెక్కడమంటే మనకు ఒక్క పని, ఆమెకు డజను పనులు: బోర్డు చదవాలి, ఎక్కాలి, ఆధార్ చూపించి జీరో టికెట్ అడిగి తీసుకోవాలి, దిగే చోటు గుర్తుపట్టాలి, బస్సు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో తెలియాలి. ఒక్కోటి విడగొట్టి నేర్పండి. మొదట పక్క సీట్లో మీరు, తర్వాత వెనక సీట్లో మీరు, ఆ తర్వాత దిగే స్టాపులో ఎదురుచూస్తూ మీరు. తోడు ఒక్కసారిగా మానేయకుండా కొంచెం కొంచెంగా తగ్గించడంలోనే కిటుకంతా ఉంది. 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి డబ్బు లెక్క అక్కడ అలవాటు కాదు, అది జిరాక్స్ షాపులో, టీకొట్టు దగ్గర నేర్పాలి. వీటికంటే కష్టమైంది, ఇళ్లలో ఎవరూ నేర్పనిది, అడగడం. "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి సార్" అనే వాక్యం పదిసార్లు పలికించండి. ఇంట్లో ఆమె నోరు తెరవకముందే మనం అందించేస్తాం. మన ప్రేమే ఆమె నోటికి తాళం.

ఇక చట్టం సంగతి. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు కనీసం 5 శాతం సీట్లు 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్నవాళ్లకు కేటాయించాలి. వయసులో ఐదేళ్ల సడలింపూ ఉంది. ఇది చూపు, వినికిడి లోపం ఉన్నవాళ్లకే అనుకుంటారు చాలామంది. కాదు, మేధోవైకల్యం కూడా ఆ జాబితాలోదే, స్వల్ప స్థాయికే 50 శాతం ఇస్తారు. అంటే మీ అమ్మాయికి అర్హత ఉంది. పరీక్షల సంగతికొస్తే, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పరీక్ష రాసిపెట్టే సహాయకుడు అవసరమైనవాళ్లకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనం. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యాధికారి ఇచ్చే పత్రం దీనికి అవసరం. పరీక్ష ముందురోజు పరుగెత్తకుండా చేరినప్పుడే తీసిపెట్టుకోండి.

"పాసవదు" అన్న మాటకు తేలిగ్గా సమాధానం చెప్పేసి తప్పించుకోను. అదనపు సమయం ఇస్తారు గానీ పేపరు మారదు, కొన్ని సబ్జెక్టులు మిగిలిపోవచ్చు. అయినా పాసవడమొక్కటే కొలత కాదు. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో 1987 నుంచీ ఇలాంటి పిల్లలు మామూలు క్లాసుల్లోనే కూర్చుంటున్నారు, ఎవరి లక్ష్యం వాళ్లది. అమెరికాలో 2008లో ఒక చట్టం వచ్చాక డిగ్రీ కోసం కాకుండా ఇలాంటి కోర్సుల్లో చేరినవాళ్లకు కూడా ప్రభుత్వ ఆర్థిక సాయం అందే వీలు కలిగింది. మన విశ్వవిద్యాలయాల్లో ఆ దారి ఇంకా పెద్దగా పడలేదు కాబట్టి మామూలు డిగ్రీ గుమ్మంలోంచే వెళ్లాలి, లెక్క మాత్రం మనది వేరుగా పెట్టుకోవాలి. ఎన్ని పేపర్లు గట్టెక్కిందన్నది ఒక లెక్క. సొంతంగా రాకపోకలు సాగించడం, ఇద్దరు స్నేహితులు, తన ఫోన్‌లో తన టైంటేబుల్ ఇంకో లెక్క. స్పెయిన్‌కు చెందిన పాబ్లో పినెడా డౌన్ సిండ్రోమ్‌తోనే విశ్వవిద్యాలయ డిగ్రీ తెచ్చుకున్నాడని ఎవరైనా చెబితే సంతోషించండి, అంతేగానీ ఆ కొలతతో మీ అమ్మాయిని కొలవకండి.

లెక్చరర్లు సాధారణంగా చెప్పే అభ్యంతరం, క్లాసు వెనకబడుతుందని. అదనపు సమయంతో పాస్ మార్కు మారదు, పక్కవాళ్ల చదువూ తగ్గదు. పాఠానికి ముందురోజు నోట్సు, బోర్డు మీద రాసిన పని వాట్సాప్‌లో, ఇంతే ఆమె అడిగేది, అవి మిగతా యాభైమందికీ పనికొస్తాయి. నవ్వుతారన్న భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. ఆడపిల్ల కాబట్టి ఇంకా ఎక్కువ. అయితే ఇంట్లో ఉంచితే క్షేమమనడానికి ఆధారం లేదు. వేధింపు పరాయివాళ్ల నుంచే రాదు, దాన్ని గుర్తుపట్టడం, గట్టిగా వద్దనడం, వెంటనే చెప్పడం నేర్పకపోతే నాలుగ్గోడల మధ్య కూడా రక్షణ ఉండదు. కాలేజీలో ఆమె నేరుగా వెళ్లి చెప్పుకోగల ఒక మేడమ్ పేరు, గది, ఫోన్ నంబరు ముందే ఖాయం చేసుకోండి. "అందరూ చూసుకుంటారు" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అందరూ అంటే ఎవరూ కాదు.

మరో పనిని ఎవరూ పట్టించుకోరు. 18 నిండాక చట్టం దృష్టిలో ఆమె మేజర్, ఆమె తరఫున సంతకం పెట్టే అధికారం తల్లిదండ్రులకు దానంతటదే రాదు. అవసరమైతే నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ సంరక్షకులను నియమిస్తుంది. మీకు అది నరసరావుపేటలో. కానీ ముందే దరఖాస్తు పెట్టేయకండి. బ్యాంకు ఫారం, అడ్మిషన్ ఫారం ఆమె చేత చదివించి ఆమె చేతే సంతకం పెట్టించండి. ఎక్కడ నిజంగా ఆగిపోతుందో చూసి, అక్కడి వరకే సాయం అడగండి.