జీర్ణకోశ వ్యాధులు: కొత్త పరీక్షలు, కొత్త చికిత్సలు

పోటీ పరీక్షల ప్రత్యేకం - జనరల్ సైన్స్

• హెలికోబాక్టర్ పైలోరి: జీర్ణాశయ అల్సర్లకు ప్రధాన కారణమైన బ్యాక్టీరియా ఇది. దీన్ని 1982లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ గుర్తించారు. 2005లో వీరికి వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది. ఈ బ్యాక్టీరియా యూరియేజ్ ఎంజైమ్‌తో యూరియాను విడగొడుతుంది. అప్పుడు వెలువడే కార్బన్ డై ఆక్సైడ్‌ను ఊపిరిలో పసిగట్టేదే యూరియా శ్వాస పరీక్ష.

• క్యాప్సూల్ ఎండోస్కోపీ: మాత్రలా మింగే కెమెరా. మామూలు ఎండోస్కోప్‌కు అంతగా అందని చిన్నపేగును ఫొటోలు తీస్తుంది. 2001లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది.

• పోయెమ్: అన్నవాహిక కింది కండరం సడలని జబ్బు అకలేసియా. దీనికి పోయెమ్ పద్ధతిలో పొట్టపై కోత లేకుండా, నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి ఆ కండరాన్ని కోస్తారు. 2008లో జపాన్ వైద్యుడు హరుహిరో ఇనోవే తొలిసారి చేశారు.

• మల సూక్ష్మజీవుల మార్పిడి: ఆరోగ్యవంతుల మలంలోని మేలు చేసే సూక్ష్మజీవులను రోగి పేగుల్లోకి చేరుస్తారు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ ఇన్‌ఫెక్షన్ తిరగబెట్టకుండా వాడతారు. ఈ తరహా తొలి ఉత్పత్తి రెబయోటాకు 2022లో, నోటి ద్వారా తీసుకునే తొలి మందు వౌస్ట్‌కు 2023లో ఎఫ్‌డీఏ అనుమతి లభించింది.

• మన జీర్ణకోశ వైద్యుడు: హైదరాబాద్ ఏఐజీ హాస్పిటల్స్ చైర్మన్ డి.నాగేశ్వర్ రెడ్డి. పద్మశ్రీ (2002), పద్మభూషణ్ (2016), పద్మవిభూషణ్ (2025) అందుకున్నారు.

మాదిరి ప్రశ్న: యూరియా శ్వాస పరీక్షతో దేన్ని గుర్తిస్తారు?
1) అకలేసియా 2) హెలికోబాక్టర్ పైలోరి 3) అపెండిసైటిస్ 4) కామెర్లు
జవాబు: 2