ఊరి బాటపై బలము, చలనము

జమ్మలమడుగు ప్రాంతపు గనుల నుండి కడప బండలు, పులివెందుల తోటల నుండి అరటి గెలలు, చుట్టుప్రక్కల పల్లెల నుండి ప్రొద్దుటూరునకు పత్తి బోరెములు నేడు ట్రాక్టరు ట్రాలీలపై ఊళ్ల నడుమగా సాగుచున్నవి. ఆ బాటల ప్రక్కనే బడులున్నవి. కావున బలము, చలనము అను పాఠము విద్యార్థులకే గాక పంచాయతీ సభ్యులకును అవసరమని మేము తలంచుచున్నాము. ఐజాక్ న్యూటన్ 1687లో ప్రకటించిన మూడు సూత్రములే ఈ పాఠమునకు మూలము.

మొదటి సూత్రము: వెలుపలి బలము తగులనంతవరకు నిలిచిన వస్తువు నిలిచియే యుండును, కదలుచున్న వస్తువు అదే వేగముతో, అదే దిక్కున కదలుచునే యుండును. దీనికి జడత్వమని పేరు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, 4 సెంటీమీటర్ల మందము గల కడప బండ నూఱు కిలోలకు పైగా తూగును. బ్రేకు పట్టునది చక్రములను మాత్రమే. ట్రాక్టరు తటాలున ఆగినచో కట్టులేని బండలు ముందునకు జారును. వానిపై కూర్చున్న కూలీల ప్రాణమునకు అపాయము. బరువుపై మనుషులను ఎక్కింపరాదనుట ఇందుకే.

రెండవ సూత్రము: బలము హెచ్చినకొలది వేగము త్వరగా మాఱును, ద్రవ్యరాశి హెచ్చినకొలది నెమ్మదిగా మాఱును. పెక్కు ట్రాలీలకు వేఱుగ బ్రేకులుండవు. 2 టన్నుల ట్రాక్టరునకు 6 టన్నుల ట్రాలీని తగిలించినచో మొత్తము 8 టన్నులు. అదే బ్రేకు బలముతో ఆగుటకు సుమారు నాలుగింతల దూరము కావలెను.

వేగము సంగతి ఇంకను గమనింపదగినది. వేగము రెట్టింపైనచో ఆగు దూరము నాలుగింతలగును. గంటకు 20 కిలోమీటర్ల వేగమున 3 మీటర్లలో ఆగు బండికి 40 కిలోమీటర్ల వేగమున 12 మీటర్లు కావలెను. డ్రైవరు కాలు బ్రేకుపై పడులోపల, ఒక్క సెకనులో, బండి మఱి 11 మీటర్లు సాగును. మొత్తము 23 మీటర్లు. బరువు హెచ్చినచో ఇంకను ఎక్కువ.

మూడవ సూత్రము: ప్రతి చర్యకును సమానమైన ప్రతిచర్య ఎదురు దిక్కున ఉండును. చక్రము నేలను వెనుకకు నెట్టగా, నేల చక్రమును ముందునకు నెట్టును. బ్రేకు వేసినపుడు ఇది తలక్రిందులగును. ఈ రెంటికిని ఆధారము ఘర్షణ. బాటపై పంట నూర్చినను, గింజలు ఆరబోసినను, ఇసుక చిందినను చక్రము జారును. మంచి బ్రేకును కొఱగాకుండును. ఇందులకు రైతును నిందించి ప్రయోజనము లేదు. కళ్లము లేకనే అతడు బాటకెక్కుచున్నాడు.

కావున సభ్యులు గ్రామసభలో ఈ క్రింది విషయములను చర్చింపవలెను.

1. ఊరికి ఉమ్మడి కళ్లము ఏర్పఱచుట.

2. బడివద్ద హెచ్చరిక పలకలు, వేగనిరోధకములు కోరుచు సంబంధిత శాఖకు వ్రాయుట.

3. మలుపులలోని ఇసుక, కంకరలను ఎత్తించుట.

4. బండలను గట్టిగా కట్టుటను గూర్చియు, ట్రాలీకి బ్రేకులు అమర్చుటను గూర్చియు యజమానులకు, డ్రైవర్లకు నచ్చజెప్పుట.

బడిలోని విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుని సాయమున పిల్లలచేత గేటునకు ఇరువైపుల 23 మీటర్లు కొలిపించి, సున్నముతో గీత గీయింపుడు. బండి ఆగుటకు ఎంత చోటు కావలెనో ఊరివారందఱును కన్నులార చూడగలరు.