ముందు నెల ఖాయం చేసుకోండి

ఆఫ్రికా సఫారీ అనగానే మనం అడిగే మొదటి ప్రశ్న, "ఎంతవుతుంది?" దాని కంటే ముందు తేల్చుకోవాల్సింది ఏ నెలలో వెళ్తామన్నది. నెల తేలితే చోటు తేలుతుంది, చోటును బట్టి ఖర్చు తేలుతుంది.

లక్షల విల్డబీస్ట్‌లు మొసళ్లకు ఎదురెళ్లి కెన్యాలో మారా నది దాటడం చూడాలంటే జులై, అక్టోబరు మధ్య వెళ్లాలి. వాటి దూడలు పుట్టే కాలం ఫిబ్రవరి ప్రాంతం, చోటు టాంజానియాలో సెరెంగెటి దక్షిణాన. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు, ఒకటి వదులుకోవాలి. మనవాళ్లకు కష్టమల్లా అక్కడే. ఇంత డబ్బు పోసి వెళ్తున్నాం కదా అని మూడు దేశాలను వారంలో చుట్టేసే ప్యాకేజీ కొంటారు. తీరా చూసేది రోడ్లు, విమానాశ్రయాలు. అక్కడి పార్కులు ఎంత పెద్దవో చూడండి. మన కుప్పం, పలమనేరు వైపున్న కౌండిన్య అభయారణ్యం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కు ఒక్కదాంట్లోనే అలాంటివి యాభై పడతాయి. ఒక్క పార్కు ఎంచుకోండి, కనీసం మూడు రాత్రులు ఉండండి.

ఓపిక మాత్రం ఏ ప్యాకేజీలోనూ రాదు. దాన్ని ఇక్కడే అలవాటు చేసుకోవాలి. మదనపల్లె వాళ్లకు హార్స్‌లీ హిల్స్ పక్కనే ఉంది. తెల్లవారుజామున ఎక్కి, ఫోను జేబులో పెట్టి, బైనాక్యులర్స్‌తో గంటసేపు పిట్టల కోసం మాట్లాడకుండా కూర్చోండి. అది చేతకాకపోతే సగం రోజు జీపులో సింహం కోసం ఎలా కాచుకుంటారు? చలి రుచి కూడా తెలుస్తుంది. కొండ ఎత్తు దాదాపు 4,100 అడుగులు, మారా మైదానాలు అంతకన్నా ఎత్తు. ఆఫ్రికా కదా, అంతా ఎండే అనుకుని స్వెట్టర్ మానేస్తే పొద్దున్నే వణకాల్సిందే.

ఇక్కడి ఏనుగులతో మాత్రం సాధన వద్దు. 1980లలో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి వచ్చి కౌండిన్యలో నిలిచిన గుంపులవి. పొలాల మీద పడతాయి, మనుషుల ప్రాణాలూ తీశాయి. సెల్ఫీ కోసం వాటి వెంట పడేవాళ్ల మీద నాకైతే జాలి లేదు. రాత్రంతా చేను కావలి కాసిన రైతు దగ్గర కూర్చుని ఏనుగు తీరు గురించి వినండి, ఎంత దూరంలో ఆగాలో తెలుస్తుంది.

ఇక ‘బిగ్ ఫైవ్’ పిచ్చి. సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, దున్న: ఇది ఒకప్పటి వేటగాళ్లు వేసుకున్న లెక్క. అయిదూ కనిపించలేదని ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చేవాళ్లున్నారు. సుమారు మూడడుగులుండే ఆవుతో దేశమంతా పేరు తెచ్చుకున్న పుంగనూరు వాళ్లకైనా ఈ జబ్బు ఉండకూడదు. పేడ ఉండను వెనక కాళ్లతో దొర్లించుకుపోయే పురుగు దగ్గర కూడా జీపు ఆపించండి.

కాగితాల పని చివరికి నెట్టకండి. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే, ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో వేయించుకోవాలి. ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది, పాస్‌పోర్టుతోనే ఉంచండి. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు అది చూపించలేకపోతే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు.