ఆయిలు త్రాగు పాత లారీ

విద్యార్థులారా!

గత సంవత్సరము వానకాలమున మా పదవ తరగతి విద్యార్థి యొకడు సాయంకాలము బడి విడిచిన పిమ్మట నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మా నాయన లారీ ఆయిలు త్రాగుచున్నదట. ఇంజను విప్పి బోరు చేయింపవలెనని మెకానిక్కు చెప్పినాడు. అందుకు అప్పు చేసినచో వచ్చే యేడు నన్ను కాలేజీలో చేర్పింపలేనని నాయన యనుచున్నాడు. ఇంజను ఆయిలు ఎందుకు త్రాగునండీ?" అని యడిగెను.

నేను సైన్సు బోధించువాడనే గాని లారీలు బాగుచేయువాడను గాను. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. మనము పుస్తకములో చదువుకొను ఘర్షణ, పీడనము, స్నిగ్ధత యను మాటలు ఒక కుటుంబము యొక్క అన్నముతోను ఒక బాలుని చదువుతోను ముడిపడి యున్నవని ఆనాడు నాకు స్పష్టముగా తోచినది. ఆ ప్రశ్నకు నేను నేర్చుకొన్న సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాను. మీ తండ్రులలో లారీ, ట్రాక్టరు, జీపు నడుపువారు పలువురు గలరు. వారికిని ఇది చదివి వినిపింపుడు.

1. ఆయిలు చేయు పనులు

ఇంజనులో ఆయిలు ఒక్క పని గాదు, అయిదు పనులు చేయును. ఇనుము ఇనుముతో ఒరయకుండ నడుమ పలుచని పొరగా నిలుచును. వేడిని తనతో తీసికొని పోవును. పిస్టను రింగులకును సిలిండరు గోడకును గల సందును మూసి, మండిన వాయువు క్రిందికి జారకుండ జేయును. మసిని, లోహపు రజనును కడిగి ఫిల్టరునకు చేర్చును. త్రుప్పు పట్టకుండ కాపాడును.

పిస్టను చుట్టును సాధారణముగా మూడు రింగు లుండును. పై రెండును వాయువును ఆపుటకు. క్రిందిది ఆయిలు రింగు. ఇది గోడమీది అధికపు ఆయిలును గీచి, గాడిలోని రంధ్రముల గుండ క్రింది ఛాంబరునకు పంపును. చీలిక గల రింగును 1852లో జాన్ రామ్స్‌బాటమ్ అను ఆంగ్లేయ రైల్వే ఇంజనీరు ఆవిరి యంత్రముల కొరకు కల్పించెను. ఆ చీలిక వలననే రింగునకు స్ప్రింగువంటి గుణము వచ్చి, గోడను సదా అదిమి పట్టియుండును. గోడమీద ఆయిలు బొత్తిగా లేకున్న పిస్టను పట్టివేయును. మిక్కిలిగా నున్న మండి పొగయగును. కావున ఆరోగ్యముగా నున్న ఇంజను సైతము కొంచెము ఆయిలు త్రాగకపోదు. ప్రశ్న యేమనగా, ఎంత?

2. ఎంత త్రాగిన అధికము?

దీనిని ఒక లెక్కచేత తెలిసికొందము. మన రోడ్లమీద పాత లారీలలో కనబడు టాటా 697 అను డీజిలు ఇంజనును తీసికొనుడు. దీనికి 6 సిలిండర్లు. ఒక్కొక్కదాని వ్యాసము 97 మిల్లీమీటర్లు. పిస్టను నడచు దూరము 128 మిల్లీమీటర్లు. ఇది నాలుగు స్ట్రోకుల ఇంజను గనుక రెండు చుట్లకు ఒకమారు ప్రతి సిలిండరులోను మంట పుట్టును. నిమిషమునకు 2000 చుట్లు తిరుగుచున్నచో సిలిండరు ఒక్కంటికి 1000, ఆరింటికి 6000 మంటలు. గంటకు 3,60,000.

ప్రతి మంటకును ఒక ఘనపు మిల్లీమీటరు, అనగా ఆవగింజకంటె చిన్నదైన చుక్క, ఆయిలు కాలినదనుకొనుడు. గంటకు 3,60,000 ఘనపు మిల్లీమీటర్లు, అనగా 360 మిల్లీలీటర్లు. లారీ గంటకు 40 కిలోమీటర్లు పోయినచో 1000 కిలోమీటర్లకు 25 గంటలు పట్టును. అంతలో 9 లీటర్లు కాలిపోవును! ఆ చుక్కలో పదవ వంతు మాత్రమే కాలినచో 1000 కిలోమీటర్లకు 0.9 లీటరు. చూచితిరా! మంచి ఇంజనునకును చెడిన ఇంజనునకును గల భేదము ఆవగింజలోని అణువంతటిది. అందుచేతనే రింగు కొంచెము అరిగినను యజమాని సంచి ఖాళీ యగుచున్నది.

పెద్ద డీజిలు ఇంజనులలో ఆయిలు ఖర్చును డీజిలు ఖర్చుతో పోల్చి చూచు వాడుక గలదు. లారీ లీటరుకు 4 కిలోమీటర్లు నడచినచో 1000 కిలోమీటర్లకు 250 లీటర్ల డీజిలు కావలెను. ఇందులో నూటికి అరవంతు 1.25 లీటర్లు. పాత ఇంజను ఈ మేరలో నున్నచో భయపడ నక్కరలేదు. ఏ ఇంజనునకు ఎంత తగునో తయారుచేసినవారు తమ పుస్తకములో వ్రాయుదురు, అదియే ప్రమాణము.

3. ముందు కొలువుము, పిదప మాటలాడుము

రోగి ఒడలు కాలుచున్నదని చెప్పిన మాత్రమున వైద్యుడు మందీయడు, జ్వరమెంతో కొలుచును. లారీ విషయమును అంతియే. బండిని చదునైన నేలమీద నిలుపవలెను. ఇంజను ఆపి, పైనున్న ఆయిలు క్రిందికి దిగుటకు పది నిమిషములు ఆగవలెను. గేజి కడ్డీని తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దింపి తీసి చూడవలెను. ఆయిలు రెండు గీతల నడుమ నుండవలెను. కిలోమీటర్ల సంఖ్యను, పోసిన ఆయిలును ఒక పుస్తకములో వ్రాయవలెను. ఇట్లు 1000 కిలోమీటర్లైనను నడిపినగాని నిజము తెలియదు.

ఇచ్చట మూడు పొరపాట్లు జరుగుచుండును. మొదటిది, పై గీత దాటునట్లు పోయుట. అప్పుడు తిరుగుచున్న క్రాంకు ఆయిలును చిలికి, నురుగు చేసి, సిలిండరు గోడలమీదికి అధికముగా చిమ్మును. ఆ యధికమంతయు కాలిపోవును. చూచినవారు ఇంజను త్రాగినదందురు; నిజమునకు మనమే త్రాపితిమి. రెండవది, మట్టము తగ్గలేదని సంతసించుట. ఇంజెక్టరు కారి డీజిలు ఆయిలులో కలిసినచో, ఒకవైపు ఆయిలు పోవుచున్నను మట్టము తగ్గదు. ఆయిలు పలుచబడి డీజిలు వాసన కొట్టుటయే దానికి గుర్తు. మూడవది, ఎఱ్ఱ దీపము వెలుగలేదుగదా యని నమ్మి యుండుట. ఆ దీపము తెలుపునది పీడనమునేగాని పరిమాణమును గాదు. అది వెలుగునప్పటికి పంపు గాలిని పీల్చుచుండును. ఆయిలు తక్కువగా నున్న బండి ఘాటు రోడ్డున ఎక్కునప్పుడు ఉన్న కొద్ది ఆయిలు ఒక ప్రక్కకు ఒరిగి, బేరింగులు ఎండి, క్షణములలో ఇంజను పట్టివేయవచ్చును.

4. ఆయిలు పోవు దారులు

దారులు రెండు విధములు: వెలుపలికి కారుట, లోపల కాలుట.

కారుటను కనిపెట్టుట సులభము. ఇంజనును కడిగి, రాత్రి బండి క్రింద అట్టముక్కను పరచి, తెల్లవారి చూడవలెను. హెడ్డు మూత ప్యాకింగు, క్రాంకు సీళ్లు, ఛాంబరు ప్యాకింగు, ఫిల్టరు రబ్బరు, ఇవి సామాన్యముగా కారుచోట్లు. అయితే క్రొత్త సీలు వేసినను మరల మరల కారుచున్నచో సీలును నిందింపరాదు. ఇంజను లోపలి వాయువు వెలుపలికి పోవు బ్రీదరు గొట్టము మూసికొనిపోయి యుండును. అప్పుడు లోపల పీడనము పెరిగి, దొరికిన సందునుండి ఆయిలును నెట్టును. ఆ గొట్టమును శుభ్రపరచుటకు ఖర్చు లేదు.

లోపల కాలుటకు ముఖ్య కారణములివి. రింగులు అరుగుట లేక మసిచేత గాడిలో అంటుకొనుట, లైనర్లు అరుగుట, వాల్వు గైడ్లు, వాటి సీళ్లు పాడగుట. టర్బో యున్న బండ్లలో దాని సీళ్లు చెడిననుగాని, దానినుండి ఆయిలు దిగివచ్చు గొట్టము మూసికొన్ననుగాని ఆయిలు గాలిదారిలోనికి పోవును. ఇది ప్రమాదకరము, డీజిలు ఆపినను ఇంజను తన ఆయిలునే ఇంధనముగా త్రాగుచు ఆగక పరుగెత్తిన సందర్భములు గలవు.

పెక్కుమంది మరచు దారి మరియొకటి గలదు. గాలి బ్రేకులు గల లారీలలో గాలిని నింపు కంప్రెసరు ఇంజను ఆయిలుతోనే పనిచేయును. దాని చిన్న పిస్టను రింగులు అరిగినచో ఆయిలు గాలితో కలిసి గాలి ట్యాంకులలోనికి చేరును. ఇందుకు పొగ లేదు, నేలమీద మరక లేదు. ఆయిలు మాత్రము మాయమగుచుండును. ట్యాంకు అడుగు కుళాయిని విప్పినప్పుడు నీటితోకూడ నల్లని ఆయిలు దండిగా వచ్చినచో దొంగ దొరికినట్లే. దీనిని ఉపేక్షించినచో బ్రేకు వాల్వుల రబ్బరులును చెడును. అప్పుడు పోవునది ధనమొక్కటే గాదు.

5. పొగ చెప్పు మాట

నీలిపొగ ఆయిలు కాలుచున్నదనును. నల్లపొగ డీజిలు హెచ్చైనదనియో, గాలి చాలలేదనియో తెలుపును. తెల్లపొగ, ఇంజను చల్లగా నున్నప్పుడైనచో మండని డీజిలు. వేడెక్కిన పిమ్మటను పోకున్నచో లోపల నీరు చేరినదని శంకింపవలెను. ఆయిలు పాలవలె తెల్లబారినను అదియే శంక.

నీలిపొగ వచ్చు వేళనుగూడ గమనింపుడు. తెల్లవారి స్టార్టు చేసినప్పుడు కొంచెముసేపు వచ్చి ఆగినచో, రాత్రి వాల్వు గైడ్లనుండి దిగిన ఆయిలు కాలినదని యూహింపవచ్చును. బరువుతో మెట్ట ఎక్కునప్పుడు ఎడతెగక వచ్చుచు, ఆయిలు పోయు మూత తీసినచో గుప్పుగుప్పున ఆవిరి కొట్టుచున్నచో, రింగులమీదనో లైనర్లమీదనో అనుమానము బలపడును.

అనుమానము ఋజువు గాదు. ఋజువునకు సిలిండరులోనికి కొలతగల పీడనముతో గాలిని పంపి చెవియొగ్గి వినుట మంచి పద్ధతి. సవ్వడి ఆయిలు మూతవద్ద వినబడినచో రింగులు. గాలిదారిలోనో సైలెన్సరులోనో వినబడినచో వాల్వులు. పెట్రోలు ఇంజనులో సిలిండరులోనికి చెంచాడు ఆయిలు పోసి కంప్రెషను మరల కొలుచు పద్ధతి గలదు. హెచ్చినచో దోషము రింగులది. డీజిలు ఇంజనులో పిస్టనుపైని ఖాళీ మిక్కిలి తక్కువ గనుక ఈ పని చేయరాదు.

6. చికిత్స యొక్క వరుస

ఖర్చు తక్కువైనది ముందు, ఎక్కువైనది చివర: ఇదియే నియమము. మట్టము సరిచేయుట, తగిన ఆయిలు పోయుట, బ్రీదరు శుభ్రపరచుట, కారు చోట్లు మూయుట, కంప్రెసరు, టర్బో పరీక్షించుట, వాల్వు సీళ్లు మార్చుట, అన్నింటి తుదను రింగులు, లైనర్లు.

ఆయిలు డబ్బామీద 15డబ్ల్యు-40 వంటి గుర్తు ఉండును. మొదటి భాగము చలిలో ఆయిలు ప్రవహించు తీరును, 40 అనునది 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో దాని స్నిగ్ధత తరగతిని తెలుపును. పుస్తకము చెప్పినదానికంటె చిక్కని ఆయిలు పోసినచో ఖర్చు కొంత తగ్గవచ్చును. కాని చల్లని ఇంజనులో అది బేరింగులకు ఆలస్యముగా చేరును. పొగ మాన్పునని అమ్ము చిక్కని మందులును ఇట్టివే. అరిగిన ఇనుమును అవి తిరిగి మొలిపింపజాలవు.

అన్నింటికంటె ముఖ్యము గాలి ఫిల్టరు. క్వారీలలోను, మట్టిరోడ్లలోను దుమ్ము లోపల జొరబడినచో అది ఆయిలుతో కలిసి ఆకురాయివలె లైనర్లను నూరును. ఫిల్టరునకును ఇంజనునకును నడుమనున్న రబ్బరు గొట్టము చిట్లినను ఇదే ఫలము. దీనిని సరిచూడక క్రొత్త లైనర్లు వేయించుట చిల్లికుండలో నీరు పోయుటయే.

ఇంకొక మాట. 2020 ఏప్రిల్ 1 నుండి మనదేశమున అమకమునకు వచ్చిన బీఎస్-6 డీజిలు లారీలలో పొగను వడగట్టు సాధనము గలదు. కాలిన ఆయిలులోని లోహపు బూడిద అందులో నిలిచి, మండి పోక, దానిని పూడ్చును. కావున క్రొత్త బండ్లకు ఈ జబ్బు మరింత ఖర్చైనది. మార్చిన పాత ఆయిలును కాలువలో పోయక, దుమ్ము అణచుటకు నేలమీద చల్లక, దానిని శుద్ధిచేయువారికి చేర్చవలెను.

7. ఆ లారీ సంగతి

ఆ బాలుడు తండ్రిని నాయొద్దకు తోడ్కొని వచ్చెను. "అయ్యగారూ, చదువుకొన్న పిల్లవాని మాట విని చూచెదను. పదిహేను దినములు ఆగుటకు నష్టమేమి?" అని ఆయన యనెను. బాలుడు గీతలు గీచిన నోటుపుస్తకమొకటి తండ్రి చేతికిచ్చెను. తండ్రి ప్రతి ట్రిప్పునందును అంకెలు వ్రాసి తెచ్చుచుండెను, బాలుడు కూడుచుండెను.

మొదటి 1000 కిలోమీటర్లకు 3.5 లీటర్లు ఖర్చయ్యెను. క్లీనరు ప్రతిదినము బండి ఆపినవెంటనే కడ్డీ చూచి, తక్కువయని పై గీత దాటునట్లు పోయుచున్నాడని అప్పుడు తెలిసినది. అది మానిన పిమ్మట 2.75 లీటర్లకు దిగెను. గాలి ట్యాంకు కుళాయి విప్పగా గిన్నెలోనికి నల్లని ఆయిలు వచ్చెను. కంప్రెసరు బాగుచేయించి, బ్రీదరు కడిగించి, హెడ్డు మూత ప్యాకింగు మార్పించిరి. తరువాతి లెక్క 1.25 లీటర్లు.

ఇంజను క్రొత్తదైనదని నేను చెప్పను. లైనర్లు అరిగియే యున్నవి. ఎప్పుడో ఒకనాడు విప్పక తప్పదు. మెకానిక్కు చెప్పినది పూర్తిగా అబద్ధమును గాదు. కొలువకుండ చెప్పుటయే అతని తప్పు. ఆ యొక్క సంవత్సరపు గడువు లభించినందున తండ్రి అప్పు లేకుండ నెలనెలయు కొంత ధనము కూడబెట్టుచున్నాడు. బాలుడు ఈ జూనులో కాలేజీలో చేరినాడు. మొన్న సెలవులకు వచ్చి నాకు ఆ నోటుపుస్తకము చూపెను. చివరి పుటలోని అంకెలు తండ్రి స్వహస్తముతో వ్రాసి, తానే కూడినవి. కూడికలో తప్పు లేదు.

విద్యార్థులారా! మీ యింట ఏ యంత్రము చెడినను, ఏ ఖర్చు మితిమీరినను, తొందరపడి విప్పకుడు, తొందరపడి నమ్మకుడు. ముందు కొలువుడు, వ్రాయుడు, చౌకయైన కారణమును మొదట వెదకుడు. సైన్సు చదివినందుకు ఇదియే ప్రయోజనము.